పద్నాలుగో ఫిడేలు

మా అమ్మ విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుంది, నలభై ఏళ్లు పిల్లలకు నేర్పింది. మావయ్య కూడా ఆ ఊళ్లోనే సరళీ వరసలతో మొదలెట్టాడు గాని, పద్దెనిమిదో ఏట మద్రాసు రైలెక్కేశాడు. అక్కడ స్టాఫ్ నొటేషన్ నేర్చుకుని, కోడంబాకం స్టూడియోల్లో సినిమా పాటల వెనక వయొలిన్ల వరసలో కూర్చున్నాడు. ఆయన కూతురు ఇప్పుడు జర్మనీలో ఒక నగర ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్లలో వాయిస్తోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పరీక్షా సంవత్సరం నడుస్తోంది.

మా పాపకి పదకొండేళ్లు. పిన్ని వీడియో చూసిన దగ్గర్నుంచి "నేనూ అక్కడే కూర్చుంటా" అంటోంది. కనుమ నాడు భోజనాలయ్యాక వరండాలో అక్కాతమ్ముళ్లు ఆ మాట పట్టుకున్నారు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను. తేల్చుకోవలసినవాణ్ని నేనే గనక ఒక్క మాట కూడా పోగొట్టుకోవాలని లేదు.

అమ్మ: వీడియో గంటన్నరా చూశాన్రా. అందులో నీ కూతుర్ని పట్టుకోడానికే నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

మావయ్య: రెండో వయొలిన్లు పద్నాలుగు మంది అక్కా. స్టాండుకి ఇద్దరు. అది ఏడో స్టాండులో లోపలి కుర్చీ. పేజీ తిప్పడం లోపలి మనిషి పని. పక్కావిడ వాయిస్తూనే ఉంటుంది, ఇది కమాను ఆపి, కాగితం తిప్పి, చప్పుడు రాకుండా మళ్లీ అందుకోవాలి.

అమ్మ: నేననేదీ అదే. అయిదో ఏట మొదలెట్టి, ఇల్లు వదిలి, దేశం వదిలి, చివరికి పద్నాలుగో ఫిడేలు. పిల్లని చిన్నబుచ్చడానికి అనడం లేదు. దాని చేతిలో ఉన్న సుఖం నాకు తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు ఈ వరండాలోనే మోహన వర్ణం వాయిస్తే వీధిలో పోయేవాళ్లు నిలబడ్డారు. ఆ చెయ్యి ఇప్పుడు ఎవరికి వినిపిస్తోంది?

మావయ్య: వినిపించకూడదు. దాని ఒక్కదాని చెయ్యి విడిగా వినబడిందంటే ఆ రోజు పని చెడినట్టు. బ్రూక్నర్ నాలుగో సింఫనీ ఎలా మొదలవుతుందో చెప్తా విను. తీగ వాద్యాలన్నీ వినీ వినబడనట్టు వణుకుతుంటాయి. ఆ వణుకు మీద ఒక హార్న్ పిలుస్తుంది. జనం హార్న్ విన్నామనుకుంటారు. నిజానికి వాళ్లు ముందు విన్నది ఆ వణుకు. కమాను కొసన రెండంగుళాల మేర, మణికట్టు మాత్రమే కదులుతూ, నిమిషాల తరబడి అలా ఉంచాలి. ఒక్క మనిషి కమాను ఇంకో అంగుళం ఎక్కువ నడిచినా నేత చీరలో పోగు లేచినట్టు తెలిసిపోతుంది. అది చెయ్యడానికి ఇరవై ఏళ్ల సాధన కావాలా అంటే, కావాలి. పెద్దగా వాయించడం నేను పదేళ్లలో నేర్చుకున్నాను. చిన్నగా, పక్కవాడి శబ్దంలో కలిసిపోయేలా వాయించడం ఇంకో పదేళ్లు పట్టింది.

అమ్మ: కలిసిపోవడం నాకు తెలియనిదా? పాతికేళ్లు గాత్రానికి పక్కవాద్యం వాయించాను. గాయకుడు ఎటు పోతాడో తెలీదు, కాగితం లేదు, రిహార్సల్ లేదు. వాడి ఊపిరి బట్టి పోవాలి. అయినా వాడు ఆలాపన ముగించాక నా వంతు వస్తుంది. అదే రాగం నా మనసులో ఎలా ఉందో చెప్పే అయిదు నిమిషాలు నావి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలుని పక్కన కూర్చోబెట్టిన చోటు నుంచి లేపి నడిమధ్యకు తెచ్చారు. ఆయన 1936లో ప్రిన్సిపాలయిన కళాశాలలో చదివినదాన్ని నేను. మనోధర్మం లేని ఫిడేలుని కళ అని ఎలా ఒప్పుకోమంటావు? మీ దగ్గర ఆ అయిదు నిమిషాలు ఎవరికిస్తారు?

మావయ్య: ఎవరికీ ఇవ్వరు. ముందు వరసలో లీడరుకి ఎప్పుడైనా నాలుగు వాక్యాలు దొరుకుతాయి. కమాను కిందికా పైకా, నడుమనా కొసనా అన్నది కూడా లీడరే పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. వెనకవాళ్లు తమ కాగితంలో దించుకుంటారు. అందులో దాని ఇష్టం ఏమీ లేదు. నువ్వన్నది నిజమే, నేను కాదనను. కాని ఇది నాకు తక్కువగా తోచదు అక్కా. నీకు రాగం ఎంతో వాళ్లకి ఆ కూడిక అంత. గోష్ఠిలో పాడేటప్పుడు నీ గొంతు నీకే వినపడకుండా పోయే క్షణం ఒకటి ఉంటుందని నువ్వే చెప్పేదానివి. ఆ క్షణం కోసమే వీళ్లు రోజూ పనికి వెళ్తారు.

అమ్మ: సరే, ఆ క్షణం కోసమే అనుకుందాం. మరి పిల్లలకి నేర్పేది దాన్నేనా? నీ కూతురు ఇక్కడున్న నెల రోజులూ చూశాను. గదిలో తలుపేసుకుని ఒక్కర్తే. పొద్దున స్కేళ్లు, తర్వాత క్రాయిట్జర్ ఎత్యూడ్లు, తర్వాత మోజార్ట్ కన్చెర్టో మొదటి భాగం. మళ్లీ అదే మోజార్ట్. ముందు ఒంటరిగా వాయించే మనిషిని తయారు చేస్తారు. ఆ తర్వాత నీ గొంతు వినబడకూడదంటారు. ఆవకాయకని కాయ కోసి హల్వా చెయ్యమన్నట్టు లేదూ?

(ఇక్కడ మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. వక్కపొడి డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. అమ్మ సరైన చోటే పట్టుకుందని నాకప్పుడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.)

మావయ్య: ఆ తప్పు ఉంది. అక్కడి పెద్దలూ ఒప్పుకుంటారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నించి న్యూయార్క్ దాకా గొప్ప వయొలిన్ గురువులంతా సోలో వాయించేవాళ్లని తయారు చెయ్యడానికే బడి పెట్టారు. వంద మంది పిల్లల్లో ఏ ఒక్కడో సోలోయిస్టు అవుతాడు. మిగతావాళ్లలో అదృష్టవంతులు ఆర్కెస్ట్రాలో కూర్చుంటారు, కొందరు మనసులో ఓడిపోయామన్న భావంతోనే కూర్చుంటారు. ఆ భావం చాలా చెడ్డది, దాన్ని బడే నాటుతుంది. అందుకే కండక్టర్ కరయాన్ 1972లో బెర్లిన్ ఫిల్హార్మొనిక్ వాళ్ల పక్కనే కుర్రవాళ్లని కూర్చోబెట్టి నేర్పే అకాడమీ పెట్టించాడు. మయామీలో 1987 నుంచి న్యూ వరల్డ్ సింఫనీ కూడా అదే పని చేస్తోంది. కాని వేళ్లు, కమాను మాత్రం గదిలో ఒంటరిగానే తయారవ్వాలి. దానికి అడ్డదారి లేదు.

అమ్మ: ఎన్ని గంటలు?

మావయ్య: 1993లో ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో ఇద్దరు, బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల సాధన లెక్క కట్టి అచ్చు వేశారు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి మేటి విద్యార్థులు ఒంటరి సాధన 7,400 గంటల దాకా చేశారు. టీచరు కోర్సులో ఉన్నవాళ్లు 3,400. పెద్ద ఆర్కెస్ట్రాల్లో స్థిరపడ్డ నడివయసు వాళ్లని అడిగితే, వాళ్లది కూడా ఆ వయసుకి 7,300 పైమాటే తేలింది. అంటే వరసలో కూర్చున్నవాళ్లు మేటివాళ్ల కంటే తక్కువ తిన్నవాళ్లు కారు.

అమ్మ: ఎనిమిదో ఏట నుంచి రోజుకి రెండు గంటలు, పదేళ్ల పాటు ఒక్క పండగ లేకుండా, ఒక్క జ్వరం లేకుండా. నువ్వు గర్వంగా చెప్తున్నావు, నాకు గుండె జారుతోంది. నేనూ తెల్లారుజామున లేచే సాధన చేశాను. కాని నా ఫిడేలు కొస మడమ మీద ఆని ఉంటుంది, గుండెకీ కాలికీ మధ్య నిలబడుతుంది. చెయ్యి జారడానికి ఖాళీ. మీది గడ్డం కింద బిగించాలి. నీ కూతురి మెడ మీద ఎడమ పక్క, దవడ కింద, ఆ నల్లటి మచ్చ చూశావా? మొన్న నూనె రాస్తుంటే వేలికి తగిలింది. అరికాలు పగిలినట్టుంది ఆ చర్మం.

మావయ్య: నాకూ ఉంది.

అమ్మ: నీకున్నది మచ్చ ఒకటేనా? ఎడమ భుజం ఎత్తి చొక్కా వేసుకోలేవు. ఆస్ట్రేలియాలో ఆర్కెస్ట్రా వాళ్లని అడిగితే వందకి 84 మంది నొప్పి వల్ల ఎప్పుడో ఒకప్పుడు వాయించడానికి ఇబ్బంది పడ్డామన్నారని నువ్వే చెప్పావు. లండన్ ఒపేరా హౌసులో వయోలా వాయించే ఆయనకి వెనక ఇత్తడి బాకాల హోరుకి చెవి పాడయితే కోర్టు దాకా వెళ్లాడని కూడా నువ్వే చెప్పావు.

మావయ్య: గెలిచాడు కూడా. 2018లో. వాగ్నర్ ఒపేరా రిహార్సల్‌లో జరిగింది అది. ఆ తీర్పు తర్వాత సంగీతం పేరు చెప్పి చెవులు బలి పెట్టమని ఎవరూ అనలేరు. దెబ్బలు లేవని నేననను. పనిని పనిగా చూసి రక్షణ అడిగే ఊళ్లో దెబ్బ తగలడం వేరు, నా లాగా తగలడం వేరు. మద్రాసులో మేం ముప్పై మంది వయొలిన్ల వాళ్లం, ఒకే హాల్లో, గాయకుడూ డోలకూ అంతా ఒక్కసారే. నాలుగో నిమిషంలో ఒకడు స్వరం తప్పితే మళ్లీ మొదటి నుంచి. కాల్షీటు లెక్కన డబ్బు. కీబోర్డు వచ్చింది. మొదట ముప్పై మంది పన్నెండయ్యాం, తర్వాత నలుగురయ్యాం. ఒకరోజు ఒక సంగీత దర్శకుడి దగ్గర్నుంచి ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. జబ్బు చేస్తే అడిగేవాడు లేడు. నా కూతురు సంగీతం వదలనంటే, జీతం, సెలవు, పింఛను రాసి ఇచ్చే చోట వాయించమ్మా అన్నాను. అక్కడ ఆర్కెస్ట్రాకి డబ్బు ఊరూ ప్రభుత్వమూ ఇస్తాయి. నాటకశాల, గ్రంథాలయం లాగే అదీ ఊరి ఆస్తి.

అమ్మ: ఊరి ఆస్తి తరగట్లేదా?

మావయ్య: తరుగుతోంది. జర్మనీలో 1992లో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆర్కెస్ట్రాలు 168. ఇప్పుడు 129 అయ్యాయి. అయినా ప్రపంచంలో ఇంకే దేశంలోనూ అన్ని లేవు.

అమ్మ: మనకో?

మావయ్య: బొంబాయిలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం వాళ్లది ఉంది, సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. 2006లో కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలీయెవ్ చేత మొదలుపెట్టించారు. అక్కడా సీజను వస్తే చాలా కుర్చీల్లో బయటి దేశాల వాళ్లే కూర్చుంటారు. మన రెండు రాష్ట్రాల్లో జీతమిచ్చి నడిపే సింఫనీ ఆర్కెస్ట్రా ఒక్కటీ లేదు.

అమ్మ: అంటే ఈ విద్య నేర్పడమంటే పిల్లని ఇచ్చెయ్యడమే. ఆ మాట సూటిగా చెప్పు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు టీచర్లయ్యారు, రేడియోలో చేరారు, గుళ్లో త్యాగరాజ ఆరాధనకి వస్తారు. విద్య ఊళ్లో ఉంది. మీ విద్య నేర్చుకున్నవాళ్లకి ఈ ఊళ్లో కుర్చీ లేదు. సరే, ఇచ్చేద్దాం. తీసుకునేవాళ్లు ఎలా తీసుకున్నారో చూడు. పదకొండు చోట్ల పరీక్షకి వెళ్లిందా పిల్ల!

మావయ్య: ప్రోబెష్పీల్ అంటారు. ఒక కుర్చీకి వందల్లో దరఖాస్తులు వస్తాయి. అందులో కొన్ని పదుల మందిని పిలుస్తారు. మొదటి రౌండు మోజార్ట్, ఆ కన్చెర్టో మొదటి భాగం. చాలా చోట్ల తెర కడతారు. కొందరికి రెండు పేజీలు దాటకుండానే థ్యాంక్యూ అని వినబడుతుంది. మిగిలితే రెండో రౌండు, పెద్ద రొమాంటిక్ కన్చెర్టో. ఇంకా మిగిలితే ఆర్కెస్ట్రా ముక్కలు. స్ట్రాస్ రాసిన ‘డాన్ హువాన్’ మొదటి పేజీ ప్రతి వయొలిన్‌వాడి కలలోకీ వస్తుంది. రెండో వయొలిన్లకి స్మెతానా ‘బార్టర్డ్ బ్రైడ్’ ఓవర్చర్. అందులో ఆ సన్నటి పరుగు రెండో వయొలిన్లే ముందు మొదలెడతాయి, దాక్కోడానికి చోటుండదు. అంతా అయ్యాక ఆర్కెస్ట్రా వాళ్లే ఓటు వేస్తారు. ఎవరూ నచ్చలేదని కుర్చీ ఖాళీగా వదిలేసిన రోజులు బోలెడు.

అమ్మ: ఏడోసారి అయ్యాక స్టేషన్లోంచి నాకే ఫోను చేసింది. "అత్తా, నాలుగు నిమిషాలు వాయించాను, ఆరు గంటలు రైల్లో వచ్చాను" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నాలుగు నిమిషాల్లో వాళ్లకి ఏం తెలిసింది? అది పక్కవాళ్లని ఎలా వింటుందో తెలిసిందా? మోజార్ట్ తెలిసింది, అంతే.

మావయ్య: అందుకే తర్వాత ఏడాది పరీక్ష. పక్కన కూర్చోబెట్టుకుని వింటారు, మళ్లీ ఓటేస్తారు. నాలుగు నిమిషాలు చేతిని చూడటానికి, ఏడాది చెవిని చూడటానికి. ఈ వరస తిరగబడి ఉంటే బాగుండేదని నాకూ ఉంది. కాని ఆ తెర సంగతి ఒకటి నీకు చెప్పాలి. 1882లో పుట్టిన బెర్లిన్ ఫిల్హార్మొనిక్‌లో మొట్టమొదటి ఆడమనిషి మదలేన్ కరూజ్జో. వయొలిన్. ఏ ఏడు అనుకున్నావు? 1982. నూరేళ్లు. వియన్నా ఫిల్హార్మొనిక్ వాళ్లు 1997 దాకా ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోలేదు. తెర కట్టిన చోట గాజుల చప్పుడు కూడా వినబడకూడదు, చెప్పుల చప్పుడు వినబడకూడదు. వాయిద్యం ఒక్కటే.

(అమ్మ లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. కూర్చున్నాక మెల్లగా మాట్లాడింది.)

అమ్మ: నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక పెద్ద గాయకుడికి పక్కవాద్యానికి పిలుపొచ్చింది. నీకు గుర్తుందో లేదో. ఆయన పేరు ఇప్పుడెందుకు. రైలు దిగి సభకి వెళ్లాను. ఆయన నన్ను చూసి సభవాళ్లతో, ఆడవాళ్ల ఫిడేలుతో నేను పాడను అన్నాడు. ఇంకా బిరడాలు కూడా తిప్పలేదు నేను. నా శ్రుతి కూడా వినలేదు. నాకు తెర కట్టి ఉంటే...

మావయ్య: నాన్న చెప్పలేదు నాకు.

అమ్మ: నాన్నకి నేను చెప్తే కదా. కచేరీ బాగా జరిగిందన్నాను.

(ఇద్దరూ కొంచెంసేపు ఊరుకున్నారు. ఈ సంగతి నాకూ అదే మొదటిసారి వినడం.)

అమ్మ: తెర మంచిదే. తెర వరకూ ఒప్పుకున్నాను. మన పాప సంగతి ఇంకా ఒప్పుకోలేదు. దీనికి పద్నాలుగు వచ్చేదాకా నా దగ్గర ఉండనీ. శ్రుతి నిలబడనీ, తాళం నిలబడనీ. పది రాగాలు పాడటం రానీ. ఫిడేలు ముట్టుకునే ముందు పాడించేదాన్ని నేను అందరి చేతా. చెవి తయారయ్యాక గడ్డం కింద పెట్టుకుంటుందో కాలి మీద పెట్టుకుంటుందో దాని ఇష్టం.

మావయ్య: చెవి గురించి నీతో వాదించను. జర్మనీలో నా కూతురి మొదటి టీచరు అన్నదేమిటంటే, ఈ పిల్ల ముందు వింటుంది, తర్వాత వాయిస్తుంది అని. అది నువ్వు పెట్టిందే. కాని నువ్వు పెట్టిన ఇంకొకటి తీయడానికి దానికి రెండేళ్లు పట్టింది. స్వరం నుంచి స్వరానికి జారుతూ పోయే చెయ్యి. మన దగ్గర అదే అందం, గమకం. అక్కడ వేలు గంట కొట్టినట్టు నేరుగా పడాలి. పద్నాలుగేళ్లకి చెయ్యి గట్టిపడిపోతుంది అక్కా. ఎడమ బొటనవేలు పట్టు పదేళ్లప్పుడు కుదిరితే కుదిరినట్టు. మూడేళ్లు ఆగితే, పాపని ఆపినట్టే.

అమ్మ: గమకం తీసేశారా?

మావయ్య: తీయలేదు. పక్కన పెట్టింది. మొన్న రికార్డింగ్ పంపింది, బెత్తోవెన్ తొమ్మిదో సింఫనీ మూడో భాగం, నిదానంగా నడిచేది. అందులో ఒక చోట రెండో వయొలిన్లకి, వయోలాలకి పాట దొరుకుతుంది. ఆ పద్నాలుగు మందిలో దాన్ని నేను పట్టుకోలేకపోయాను. నలభై ఏళ్లు వరసలో కూర్చున్న చెవి నాది. కన్న కూతురు. పట్టుకోలేకపోయాను. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు నాకు.

అమ్మ: నాకది సంతోషం ఎలా అవుతుందో ఇప్పటికీ తెలియట్లేదురా.

మావయ్య: తెలియకపోయినా పరవాలేదు. ఇలా చేద్దామా? పొద్దున నీ దగ్గర గాత్రం. గాత్రం ఒక్కటే, ఫిడేలు వద్దు. సాయంత్రం వైజాగ్‌లో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, నాతో స్టూడియోల్లో వాయించినవాడే. వారానికి రెండు రోజులు ఆయన దగ్గర చేతి సాధన. ఒక్కర్తే కాదు, ఇంకో ముగ్గురు పిల్లలున్నారు. మొదటి నెల నుంచే నలుగురినీ కలిపి వాయించమందాం. కన్చెర్టో సంగతి తర్వాత.

అమ్మ: నలుగురినీ మొదటి నెల నుంచా?

మావయ్య: రెండు స్వరాలైనా సరే. కలిపి.

అమ్మ: ఫిడేలు ఉందా దానికి? నాదివ్వను.

మావయ్య: నీది దానికి పెద్దదవుతుంది. చెయ్యి చాపించి అరచేయి దాకా కొలవాలి. ముప్పాతిక సైజు సరిపోతుందనుకుంటా. ఏదీ, పిలు పిల్లని.